బురదలో కట్టిన కోట

కోట అనగానే మనవాళ్లకు ముందు కొండ జ్ఞాపకం వస్తుంది. కొండవీడు, కొండపల్లి, గోలకొండ, ఉదయగిరి, గుత్తి — అన్నీ కొండలమీదివే. శత్రువు కింద వుండాలి, మనం పైన వుండాలి అన్నది మన పాత రాజుల లెక్క. కొండ దొరకకపోతే గండికోటకు పెన్నానది లోయ వున్నట్టు ఏ లోయో, ఏటి ఒడ్డో వెతుక్కొనేవారు.

బందరు కోటకు అలాటి అదృష్టం లేదు. అక్కడ ఎత్తు అన్నమాటే లేదు. కనుచూపు మేర నేలా, నీళ్లూ ఒకే మట్టంలో పడుకొని వుంటాయి. ఊరికి మైలున్నర దూరాన, సముద్రానికి కూడా రమారమి అంతే దూరాన, ఉప్పుటేరు పక్కన, చుట్టూ చిత్తడి నేల మధ్య కట్టారు దాన్ని. పోటు వచ్చినప్పుడు ఆ నేల చెరువు. పాటు తీసినప్పుడు బురద. ఊళ్లోనుంచి కోటకు పోవాలంటే ఆ బురదమీద వేసిన గట్టుబాట ఒక్కటే దారి. కొండ చేసే పని అక్కడ బురద చేసింది. ఏనుగులు దిగబడతాయి, గుర్రాలు దిగబడతాయి, ఫిరంగి బండ్లు ఇరుసుల దాకా దిగబడతాయి. ఇంతకన్నా చవకైన రక్షణ ఏ రాజు కట్టించగలడు?

ఈ కోట గురించి మన చరిత్ర పుస్తకాలు నాలుగు వాక్యాలు రాసి వూరుకొంటాయి. బొబ్బిలి కోట మనకు పాటలో వుంది, కథలో వుంది, సినిమాలో వుంది. బొబ్బిలి యుద్ధం జరిగిన రెండేళ్లకే, 1759లో, బందరు కోటలో ఒక్క రాత్రి జరిగిన దెబ్బలాటకు పాట లేదు. కాని ఉత్తర సర్కారుల తలరాత మారింది ఆ రాత్రే. గోదావరి జిల్లాలూ, కృష్ణా జిల్లా తర్వాత నూట ఎనభై ఏళ్లకు పైగా ఇంగ్లీషువాడి కింద వుండడానికి మొదటి కారణం ఆ బురదలో ఒక పాటు వేళ.

ముందు బందరు ఊరి సంగతి కొంచెం చెప్పాలి. ఇప్పటికీ అక్కడ ఇంగ్లీషుపాలెం వుంది, వలందపాలెం వుంది, పరాసుపేట వుంది. వలందులంటే హాలండువాళ్లు, అంటే మనం డచ్చివాళ్లనే వారు. పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఒక చిన్న ఊళ్లో మూడు దేశాల పేర్లు మూడు పేటలకు అంటుకొన్నాయంటే ఆ రేవు ఎంతటిదో వూహించండి. గోలకొండ సుల్తానుల కాలంలో తూర్పు తీరాన ఇంతటి రేవు మరొకటి అరుదు. మన అద్దకపు గుడ్డలకోసం 1605లో డచ్చివాళ్లు వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్లు ఓడ దిగారు. 1669లో ఫ్రెంచివాళ్లు వచ్చి వ్యాపారం పెట్టారు. తమాషా ఏమిటంటే, రేవు ఇంతటిదైనా అక్కడ సముద్రం లోతు లేదు. పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసుకొని నిలబడవలసిందే. సరుకులూ, దొరలూ, సిపాయిలూ అందరూ చిన్న పడవల మీదనే ఒడ్డుకు రావాలి. మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరి తాడుతో కుట్టి చేసే ఆ పడవలను ఇంగ్లీషువాళ్లు ‘మసూలా పడవలు’ అన్నారు.

కోటను కొందరు డచ్చికోట అంటారు. కాని దాన్ని కొత్త యుద్ధ పద్ధతికి తగినట్టు తీర్చినవాళ్లు పరాసులు. 1750లో పుదుచ్చేరి నుంచి డూప్లే పంపిన చిన్న దండు ఓడలమీద వచ్చి బందరును పట్టుకొంది. ఆ తర్వాత వాళ్లు కోటను కుదురుగా కట్టారు. మట్టి గోడలకు ఇటుక తొడుగు. పదికి పైగా బురుజులు. చుట్టూ కందకం. ఫిరంగి గుండు రాతిగోడకు తగిలితే రాయి పగులుతుంది. మట్టిగోడకు తగిలితే లోపల దిగి వూరుకొంటుంది. అందుకే ఐరోపావాళ్లు మట్టిని నమ్ముకొన్నారు. వంద అడుగుల ఎత్తు గోడ చూసి మురిసిపోయే మన కంటికి ఆ కోట గొప్పగా కనిపించి వుండదు. తోపులు తెలిసినవాడికే దాని బలం తెలుస్తుంది.

కోట ఒక్కటే వుంటే చాలదు. లోపల పటాలం వుండాలి, పటాలానికి జీతం వుండాలి. ఇక్కడే మన దేశం చిక్కుకొంది. హైదరాబాదులో సలాబత్ జంగును గద్దెమీద నిలబెట్టింది పరాసు సేనాని బుస్సీ పటాలం. ఆ పటాలం జీతాలకోసం సలాబత్ జంగు 1753లో నాలుగు సర్కారులను — ముస్తఫానగరం అనే కొండపల్లి, ఏలూరు, రాజమహేంద్రవరం, చికాకోలు — బుస్సీ చేతికి రాసి ఇచ్చాడు. అంటే కొండపల్లి మొదలు శ్రీకాకుళం వరకూ మన రైతు కట్టిన శిస్తు ఎవడో పరాసు సిపాయి జీతానికి తాకట్టు పడిందన్నమాట. బందరు కోట ఆ తాకట్టుకు తాళంచెవి. ఓడ దిగే మందుగుండూ, మనుషులూ, డబ్బూ అన్నీ ఆ కోటలోనుంచే పైకి పోవాలి.

1757 జనవరిలో బొబ్బిలి కోట ముందు బుస్సీ ఏం చేశాడో, తాండ్ర పాపారాయుడు విజయరామరాజును ఏం చేశాడో మీకందరికీ తెలుసు. విజయరామరాజు తర్వాత విజయనగరానికి వచ్చిన ఆనందగజపతిరాజుకు పరాసులతో పొసగలేదు. 1758లో లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకొన్నాడు. ఇదే అదననుకొని ఆనందగజపతిరాజు విశాఖపట్నంలో పరాసు జెండా దించి, కలకత్తాలో వున్న క్లైవుకు కబురు పంపాడు. క్లైవు కల్నల్ ఫోర్డు అనే ఆయనకు అయిదువందల మంది తెల్లవాళ్లనూ, రెండువేల మంది సిపాయిలనూ ఇచ్చి ఓడలమీద పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర పరాసు సేనాని కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయి, వెనక్కు చూడకుండా బందరు కోటలోకి వచ్చి పడ్డాడు.

ఫోర్డు వెంటనే తరుముకొని పోతే కథ అప్పుడే ముగిసేది. పోలేకపోయాడు. కారణం మళ్లీ డబ్బే. సేన ఖర్చుకు నెలకు 50,000 రూపాయలు ఇస్తానని రాజుగారు ఒప్పుకొన్నారు. గెలుపు రాగానే చేతులు ముడుచుకొన్నారు. రాజుగారికీ, కల్నలుకూ బేరం తెగేసరికి నెలపైన పట్టింది. నాకు ఇందులో రాజుగారి తప్పు ఒక్కటే కనిపించదు. పరాయివాడి పటాలాన్ని అద్దెకు తెచ్చుకొన్నవాడికి ఆ అద్దె ఎప్పటికి తీరుతుందో తెలియదు. సలాబత్ జంగుకు అదే జరిగింది, కర్ణాటకం నవాబుకు అదే జరిగింది. ఆనందగజపతిరాజు కొంచెం గట్టిగా గీచి బేరం ఆడాడు, అంతే.

1759 మార్చి 6న ఫోర్డు బందరు చేరాడు. చూస్తే లోపల అయిదువందల మంది తెల్లవాళ్లు, రెండువేలకు పైగా సిపాయిలు. బయట తన దగ్గర వున్నది మూడువందల చిల్లర తెల్లవాళ్లు, 1,400 మంది సిపాయిలు, ఓడ దిగిన ముప్పైమంది కళాసులు. ముట్టడి వేసేవాడి బలగం లోపలివాళ్లకన్నా చిన్నది! రాజుగారి సేన వుంది గాని, దానికి కోటల ముట్టడి కొత్త. కోటకు ఈశాన్యాన సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బలమీద తోపులు నిలబెట్టి మార్చి 25 నుంచి కాల్చడం మొదలుపెట్టారు. పగలు పడ్డ గండ్లను పరాసులు రాత్రికి రాత్రి పూడ్చేసేవారు.

ఈలోగా ఫోర్డుకు ఇంట్లోనే నిప్పు అంటుకొంది. ఆయన తెల్ల సోల్జర్లు ఒకరోజు తుపాకులు భుజాన వేసుకొని బారులు తీరి, ‘చందుర్తి కొల్లసొమ్ములో మా వాటా ఇప్పుడే ఇవ్వాలి, బందరు కొల్ల అంతా మాకే అని మాట ఇవ్వాలి, లేకపోతే మా దారిన మేం పోతాం’ అని కూచున్నారు. కల్నల్ బతిమాలి, భయపెట్టి, కుంఫిణీవారి వాటా కూడా ఇప్పించేందుకు రాస్తానని చెప్పి వాళ్లను డేరాల్లోకి పంపాడు. ఇంకో పక్క సలాబత్ జంగు ముప్పైవేలకు పైబడిన దండుతో బెజవాడ దాకా వచ్చి, ‘ఇంగ్లీషువాళ్లను వదిలి రా’ అని రాజుగారికి ఫర్మానా పంపాడు. రాజుగారు రాత్రికి రాత్రి ఇంటిదారి పట్టారు. ఇంకో పరాసు దండు వెనకగా వెళ్లి రాజమహేంద్రవరం తిరిగి పట్టుకొంది. ఇంటికి వెళ్లే దారిలో నిజాం గుర్రాలూ, పరాసు సిపాయిలూ ఇద్దరూ ఎదురవుతారని ఫోర్డు చెప్పి పంపితే గాని రాజుగారు వెనక్కు రాలేదు.

ఏప్రిల్ 7న తోపుల అధికారి వచ్చి, మందుగుండు రెండురోజులకన్నా రాదని చెప్పాడు. సలాబత్ జంగు బయలుదేరి వస్తున్నాడని వేగువాళ్లు చెప్పారు. ఓడలెక్కి పారిపోవచ్చు. ఫోర్డు ఆ పని చెయ్యలేదు. ఆ రాత్రే కోటమీద లగ్గలు పట్టాలని ఉత్తరువు ఇచ్చాడు.

ఎందుకు ఆ రాత్రి? పాటు లెక్క చూసుకొన్నాడు. నడిరాత్రి వేళకు పాటు పూర్తిగా తీసి, కందకంలో మూడడుగుల నీళ్లకు మించి వుండవు. ఇంకొకటి కూడా వుంది. నైరుతి వైపు బురద మరీ లోతని పరాసులు అటువైపు పెద్దగా కాపలా పెట్టలేదు. ఆ బురదలోనే స్థానికులు కొందరు పాటు వేళ నడిచి దాటుతుండగా ఇంగ్లీషు దండులోవాళ్లు చూశారని చెబుతారు. ఏ పల్లెకారివాడో, చేపలబుట్ట తలమీద పెట్టుకొని ఎప్పటిలాగే నడిచి వుంటాడు. తన అడుగుల వెనక ఒక రాజ్యం నడిచి వస్తుందని వాడికేం తెలుసు!

ఈ సంగతి చదివిన తర్వాత నాకు ఆ బురద చూడాలనిపించింది. నేను వెళ్లింది ఒక మధ్యాహ్నం, పాటు తీసే వేళ. ఉప్పుటేటి ఒడ్డున వల బాగుచేసుకొంటున్న ఒక ముసలాయనను పలకరించాను.

“తాతా, ఇందులో మనిషి దాటగలడా?”

ఆయన నా చెప్పులవంక చూసి నవ్వాడు. “మీరైతే దాటలేరు బాబూ. మేమైతే దాటతాం. బురదంతా ఒక్కలాగుండదు. ఇసక కలిసిన చోటుంటాది, అక్కడ కాలు నిలబడతాది. నల్లగా నున్నగా మెరుస్తా వుందే, అది ఆశ పెడతాది గాని, అడుగెట్టారా, మొలబంటి.”

“రాత్రిపూట?”

“రాత్రైనా అంతే. కాలికి తెలుస్తాది. పోటు తిరిగే టయానికి మాత్రం అవతల వుండాల.”

యుద్ధశాస్త్రం చదివిన పరాసు ఇంజనీరుకు తెలియనిది ఆ కాలికి తెలుసు.

ఇక ఆ రాత్రి సంగతి. ఫోర్డు తన కొద్దిమందినే మూడు భాగాలు చేశాడు. కెప్టెన్ నాక్స్ 700 మంది సిపాయిలతో నైరుతి బురద దాటి ఉత్తుత్తి దాడి చెయ్యాలి. రాజుగారి సేన గట్టుబాటమీద కోట వాకిలి ఎదుట గోల చెయ్యాలి. అసలు దెబ్బ ఈశాన్యపు బురుజుమీద. ఆ బురుజుకు పరాసులు పెట్టిన పేరు ‘కమీలియన్’, అంటే ఊసరవెల్లి. అందరూ నడిరాత్రి ఒకేసారి మొదలుపెట్టాలని ఏర్పాటు. అసలు దండు బురదలో కాళ్లీడ్చుకొంటూ పోయేసరికి ఆలస్యమయింది. నాక్సు తన వేళకు తాను మొదలుపెట్టేశాడు. కోటలో గగ్గోలు పుట్టింది. పరాసు సేనాని ఎటు పరుగెత్తాలో తెలియక నలుదిక్కులకూ మనుషులను పంచాడు. అదే అతని కొంప ముంచింది. ఎటు చూసినా దాడే. ఏది నిజమో, ఏది ఉత్తుత్తిదో చీకట్లో ఎవడు చెప్పగలడు?

ఈశాన్యాన మాత్రం నిజం జరుగుతోంది. మోకాటిలోతు బురద దాటి, కందకంలో నడుంలోతు నీళ్లు దాటి, కొయ్యల కంచె గొడ్డళ్లతో కొట్టి బురుజు ఎక్కారు. కెప్టెన్ కాలెండరు అనే అధికారి బయలుదేరేటప్పుడు ఎక్కడా కనిపించలేదు. అతను లేకుండానే దండు నడిచింది. సరిగ్గా కంచె దగ్గర ఎక్కడినుంచో పరుగున వచ్చి, తన స్థానంలో ముందు నిలబడ్డాడు. వెంటనే గుండు తగిలి పడిపోయాడు. ఇంతసేపూ ఎక్కడ వున్నాడన్నది అతనితోనే పోయింది.

కెప్టెన్ యార్కు గోడ వెంబడి ఒక్కొక్క బురుజే పట్టుకొంటూ పోతున్నాడు. ఒకచోట మందుగుండు కొట్టు కనబడి ఎవడో ‘పాతర! మందుపాతర!’ అని అరిచాడు. అంతే, మొత్తం దండు వెనక్కు తిరిగి పరుగెత్తింది. యార్కు పక్కన మిగిలినవాళ్లు ఇద్దరే, డప్పులు వాయించే నల్ల కుర్రాళ్లు. వాళ్లు మాత్రం పారిపోకుండా దండు నడక వాద్యం వాయిస్తూ నిలబడ్డారు. యార్కు వెనక్కు వెళ్లి, సిగ్గుపెట్టి, కొంతమందిని తిరిగి తెచ్చాడు. ముందుకు నడిస్తే ఎదుటి బురుజుమీద ద్రాక్షగుత్తి గుండ్లు పెట్టిన తోపు పేలింది. ఆ ఇద్దరు కుర్రాళ్లూ అతనికి చెరొకపక్క పడిపోయారు. యార్కుకు రెండు తొడలలోనుంచీ గుండ్లు దూసుకుపోయాయి గాని బతికాడు.

యార్కు పేరు పుస్తకాలలో వుంది. పారిపోకుండా నిలబడ్డ ఆ ఇద్దరు కుర్రాళ్ల పేర్లు లేవు. ఇద్దరి మరణానికీ కలిపి చరిత్ర ఇచ్చింది అర వాక్యం.

తెల్లవారకముందే కాన్‌ఫ్లాన్స్ కోట అప్పగిస్తానని కబురుచేశాడు. తెల్లారి లెక్క చూసుకొంటే పట్టుబడినవాళ్లు పట్టుకొన్నవాళ్లకన్నా ఎక్కువ — అయిదువందల మంది తెల్లవాళ్లు, రెండువేల అయిదువందల మంది సిపాయిలూ తదితరులూ. నూట ఇరవై తోపులు దొరికాయి. దాడి చేసినవాళ్లలో చనిపోయినవాళ్లు 22 మంది తెల్లవాళ్లు, 50 మంది సిపాయిలు. దెబ్బలు తిన్న సిపాయిలు మరో నూటయాభై మంది. లోపల వున్న సిపాయిలూ ఈ దేశంవాళ్లే, బయట వున్న సిపాయిలూ ఈ దేశంవాళ్లే. ఒకరు పరాసు జీతం, ఒకరు కుంఫిణీ జీతం. ఆ కాలంలో తెల్లవాళ్లు సిపాయికి ‘తిలంగా’ అనే పేరు కూడా వాడుతుండేవారు, తొలిరోజుల్లో ఆ పనికి కుదిరినవాళ్లలో మన తెలుగువాళ్లు అంతమంది వుండబట్టి.

కొద్దిరోజులకు రెండు పరాసు ఓడలు మూడువందల మంది సోల్జర్లతో రేవు ముందు కనిపించాయి. కోటమీద వేరే జెండా చూసి వచ్చిన దారినే పోయాయి. కొద్ది రోజులు! అంతే తేడా. దగ్గరిదాకా వచ్చిన సలాబత్ జంగు కూడా గాలి ఎటు వీస్తోందో చూసి, మే 14న ఫోర్డుతో సంధి చేసుకొన్నాడు. బందరు సర్కారు, నిజాంపట్నం, కొండవీడు మొదలైన సీమలు ఇంగ్లీషువాళ్లకు ఇనాముగా ఇచ్చి, పరాసులను ఈ దేశంలో వుండనివ్వనని రాసి ఇచ్చాడు. 1765లో మొగలు పాదుషా ఫర్మానాతో, 1766లో నిజాం ఒప్పందంతో మిగతా సర్కారులు కూడా అదే దారి పట్టాయి.

ఫోర్డుకు ఇంత చేసినందుకు దక్కింది స్వల్పం. లండనులోని కుంఫిణీ డైరెక్టర్లు ఆయన నియామకాన్నే ఖాయం చెయ్యలేదు. పదేళ్ల తర్వాత, 1769లో, ఆయనను పెద్ద ఉద్యోగంమీద మళ్లీ ఇండియాకు పంపారు. ‘అరోరా’ అనే ఆ ఓడ దక్షిణాఫ్రికా కొస దాటిందన్నంతవరకే కబురు. తర్వాత ఓడా లేదు, మనుషులూ లేరు.

ఇక కోట ఇంగ్లీషువాళ్ల పటాలానికి కాపురమయింది. గోడల లోపల బారకాసులు, ఆయుధశాల, మందుగుండు కొట్లు, అధికారుల బంగళాలు వెలిశాయి. కోట కథలంటే మనం ముట్టడినాటి గంటలే చెప్పుకొంటాం. కాని కోట బతుకులో ముట్టడి రోజులు పదో, ఇరవయ్యో. మిగతా ఏళ్లన్నీ పొద్దున్నే కవాతు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రం దోమలు, రాత్రి సారా. ఉప్పు గాలికి ఇటుక రాలుతుంది, తుపాకి తుప్పు పడుతుంది, మనిషి చిరాకు పడతాడు. శత్రువును రానివ్వని బురదే లోపలివాడిని బయటికి పోనివ్వదు.

ఆ చిరాకు 1809లో పేలింది. ఈ సంగతి చాలామందికి తెలియదు. తిరుగుబాటు చేసినవాళ్లు సిపాయిలు కాదు, తెల్ల అధికారులు! పటాలానికి డేరాలు సమకూర్చే కాంట్రాక్టు అధికారుల చేతిలో వుండేది; అందులో వాళ్లకు నాలుగు డబ్బులు మిగిలేవి. మద్రాసు ప్రభుత్వం 1808లో దాన్ని రద్దు చేసింది. గవర్నరు సర్ జార్జి బార్లో అంటే సేన అంతా మండిపడుతోంది. అప్పుడు బందరు కోటలో వున్నది మద్రాసు యూరోపియన్ రెజిమెంటు. దానిమీదికి కల్నల్ ఇన్నెస్ అనే కొత్త అధికారిని పంపారు. ఆయన వచ్చిన కొత్తలో విందు జరిగింది. ఎవరో గ్లాసు ఎత్తి ‘సేనకు మిత్రులైనవారి పేర!’ అన్నారు. అంటే ప్రభుత్వానికి మిత్రులు కానివారి పేర అని కల్నలుకు తోచింది. ఆ మాట మార్చమన్నాడు. వాళ్లు మార్చలేదు. ఆయన మద్రాసుకు రాశాడు. దానితో ఒక లెఫ్టినెంటుకు ఉద్యోగం పోయింది, ఇంకొకణ్ణి కొండపల్లి కోటకు తోలేశారు. కొండపల్లికి పోవడం అంత పెద్ద శిక్షా అని మనకు నవ్వు రావచ్చు. ఆనాటి దొరకు అది అరణ్యవాసమే.

తర్వాత ఆ రెజిమెంటులో నుంచి వందమందిని ఓడలమీదికి పంపమని ఉత్తరువు వచ్చింది. రెజిమెంటును ముక్కలు చెయ్యడానికే ఇది అనుకొన్నారు. జూన్ 25న తమ కల్నలునే కోటలో నిర్బంధించారు. మేజర్ స్టోరీ అధికారం తీసుకొన్నాడు. హైదరాబాదు, జాల్నా, శ్రీరంగపట్టణం పటాలాలు కూడా కదిలాయి. బందరు నుంచి మద్రాసుమీదికి దండు నడుస్తుందని పుకారు. గవర్నరు జాన్ మాల్కం అనే మాటకారిని సముద్రమార్గాన పంపాడు. జూలై 4న ఆయన బందరులో దిగి, వాళ్లతో తిని, తాగి, వాదించి, తొందరపడకుండా ఆపగలిగాడు. ఆగస్టు నెలలో అందరూ లొంగిపోయారు. స్టోరీని కోర్టుమార్షలుకు నిలబెట్టారు. కొద్దిమందిని విచారించి తక్కినవాళ్లను మన్నించారు.

దీనికి మూడేళ్ల ముందే, 1806 జూలైలో, వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. వాళ్ల కష్టం డేరాల కాంట్రాక్టు కాదు. నుదుట బొట్టు తుడిచెయ్యమన్నారు, గడ్డం గొరగమన్నారు, కొత్తరకం టోపీ పెట్టుకోమన్నారు. కోట తిరిగి చేతికి రాగానే రమారమి వందమందిని గోడకు నిలబెట్టి కాల్చారు. విచారణ తర్వాత కొందరిని ఉరి తీశారు, కొందరిని తోపు మూతులకు కట్టి పేల్చారు. అక్కడ సిపాయిలు దొరలను చంపారు, బందరులో ఎవరినీ చంపలేదు, రెండూ ఒకటి కాదని అనవచ్చు. నిజమే. కాని అదే ఏడు శ్రీరంగపట్టణంలో అధికారులు నడిపిన తిరుగుబాటులో నెత్తురు కారింది. ఆ నెత్తురు కూడా సిపాయిలదే. వాళ్లను నడిపించిన దొర ఎవడూ తోపు మూతికి ఎక్కలేదు.

కోటను చివరికి ఖాళీ చేయించినవాడు ఏ సేనానీ కాదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి తుపాను వచ్చింది. గాలి పగలే మొదలయింది. చీకటి పడ్డ తర్వాత సముద్రం లేచింది. మామూలు పోటుకన్నా పదమూడడుగుల ఎత్తున నీళ్లు గోడలాగా వచ్చాయని లెక్కకట్టారు. తోపులకు లెక్క ప్రకారం కట్టిన కోట గోడలు దీనికి ఏం అడ్డం? నీళ్లు కోటను ముంచి, మైలున్నర బురదను ముంచి, ఊళ్లోకి నడిచి, మైళ్లకు మైళ్లు పొలాలమీద పడ్డాయి. ఊళ్లోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ముప్పైవేలమంది పోయారంటారు. ఈ అంకె చదివినప్పుడల్లా నేను పైన రాసిన అంకెలు తలుచుకొంటాను. ఏప్రిల్ రాత్రి చనిపోయిన తెల్లవాళ్లు 22 మంది అని తలతలనూ లెక్కపెట్టినవాళ్లు, నవంబరు రాత్రి చనిపోయిన మనవాళ్లను వేలల్లో కుప్పపోశారు. మిగిలినవాళ్లకు తాగడానికి నీళ్లు లేవు. బావులన్నీ ఉప్పు అయిపోయాయి.

తుపాను తర్వాత పటాలాన్ని అక్కడినుంచి ఎత్తేశారు. రేవు కూడా అప్పటినుంచే చిక్కిపోయింది. కృష్ణాతీరం మళ్లీ అంతటి దెబ్బ చూసింది 1977 నవంబరు 19న, దివిసీమ ఉప్పెననాడు. నాకు దారి చెప్పిన ముసలాయన ఆ ఉప్పెన చూసినవాడే. దాని సంగతి అడిగితే వల వంక చూస్తూ, “ఆ మాట వద్దు బాబూ” అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

ఇప్పుడు బందరుకోట అన్నది ఒక పల్లె పేరు. గోడలు చాలావరకు ఇల్లు కట్టుకొనేవాళ్లకు ఇటుకలయిపోయాయి. అందులో నాకు తప్పు కనిపించదు. ఆ ఇటుక వాళ్ల తాతలు మోసిందే. దళసరి గోడల ఆయుధశాల ఒకటి, గంటస్తంభం ఒకటి మిగిలాయి. చుట్టూ సర్కారు తుమ్మ అల్లుకొంది. ఆయుధశాల లోపలికి వెళితే ఎండకాలంలో కూడా చల్లగా వుంటుంది. మందు పేలకుండా చల్లగా వుండాలని కట్టిన మందం అది. ఇప్పుడు ఆ చల్లదనం గబ్బిలాలు అనుభవిస్తున్నాయి. ఆ కప్పు కూలకముందే మరమ్మతు చేయించి, ఒక గదిలో ఆ ఏప్రిల్ రాత్రి పటం గీసి పెడితే బడిపిల్లలు చూస్తారు. పెద్ద ఖర్చు కాదు.

ఇంకొక్క సంగతి. పరాసులు కోట పోగొట్టుకొన్నారు గాని ఊరు పూర్తిగా వదల్లేదు. 1763 పారిస్ సంధిలో వాళ్ల పాత వ్యాపార స్థలాలు వాళ్లకు తిరిగి ఇచ్చారు. బందరులో అలా మిగిలిన చిన్న జాగాకు ‘లోజ్’ అని పేరు. చుట్టూ జిల్లా అంతా ఇంగ్లీషువాడిది, మధ్యలో ఆ కాస్త నేల పరాసు ప్రభుత్వానిది. ఫోర్డు పోయాడు, కుంఫిణీ పోయింది, తుపాను వచ్చి కోటను తుడిచిపెట్టింది, ఆ జాగా మాత్రం పరాసులదిగానే వుంది. 1947 ఆగస్టు 15న ఇంగ్లీషు జెండా దిగింది. ఫ్రెంచివారు ఆ జాగాను భారత ప్రభుత్వానికి అప్పగించింది అక్టోబరు 6న, అంటే తమను ఓడించినవాళ్లు వెళ్లిపోయిన యాభైరెండు రోజులకు.